పోయిన పందొమ్మిది మార్కులు

పాఠం చెప్పడం అలవాటైనవాడికి పాఠం వినడమంత కష్టమైన పని మరొకటి లేదు. గోదావరి జిల్లాలో ఒక మోస్తరు ఊళ్ళో, డిగ్రీ కాలేజీలో, ఇరవై ఏళ్ళకు పైగా తెలుగు చెబుతున్నాను. ఎదుటివాళ్ళు రెండు నిమిషాలు మాట్లాడితే చాలు, మధ్యలో అందుకుని ఏదో ఒకటి దిద్దాలని నాలుక దురద పెడుతుంది. మా వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. అటువంటి నేను 2020లో, నలభై ఒక్క ఏళ్ళ వయసులో, నోట్సు పుస్తకం ముందు పెట్టుకుని, బుద్ధిమంతుడైన విద్యార్థిలాగా కూచున్నానంటే, అది కరోనా చేసిన మహత్యం.

ఆ మార్చిలో కాలేజీలు మూసేశారు. కొన్నాళ్ళకు పాఠాలు ఫోనులో చెప్పమన్నారు. మొదటి రోజు గజేంద్ర మోక్షం ఎత్తుకున్నాను. తెరమీద నల్లటి గళ్ళు, గడికొక పేరు. మనిషి మొహం ఒక్కటీ లేదు. అయిదు నిమిషాలకొకసారి "వినపడుతోందా?" అని అడగడం, ఎవరూ పలకకపోతే "వినపడుతోందనే అనుకుంటున్నాను" అని నాకు నేనే సమాధానం చెప్పుకోవడం. ఏనుగు మొర పెట్టుకుంటే శ్రీమహావిష్ణువు వైకుంఠం విడిచి పరుగెత్తుకు వచ్చాడు గాని, నేను ఎంత మొర పెట్టుకున్నా ఒక్క కుర్రాడు "ఉన్నానండీ" అన్న పాపాన పోలేదు. గుమ్మంలోంచి చూస్తున్న మా అమ్మ, "ఒరే, గోడతో మాట్లాడుతున్నావేమిట్రా?" అంది కంగారుగా.

పిల్లలను మాత్రం ఏమనగలం? కొందరి ఇళ్ళలో ఫోను ఒక్కటే, అది పొద్దున్నే తండ్రితోపాటు పొలానికి పోతుంది. ఆ సంగతి తెలిసే ఉన్నా, ఉండి కూడా పలకనివాళ్ళ మీద నాకు కోపంగా ఉండేది. అంతకంటే ఎక్కువగా భయంగా ఉండేది. ఇన్నేళ్ళూ నా పాఠం విన్నది, నా పాఠం బాగుండబట్టా, తలుపు మూసి ఉండబట్టా?

ఈ ఏడుపు ఒకనాడు మా ఎకనామిక్సు లెక్చరరు దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆయన నవ్వి, "మనం అరవై మందితో వేగలేకపోతున్నాం. అమెరికాలో ఒకావిడ లక్షలమందికి ఫోనులోనే చెబుతోందిట, చూడండి మాస్టారూ" అన్నాడు.

"ఏమిటండీ పాఠం?"

"సుఖంగా బతకడం ఎలాగో."

నాకు నవ్వొచ్చింది. ఆ పాఠం మన దేశంలో అరుగుకొకరు చెబుతారు. అయినా ఆవిడ చెప్పేదేమిటో కాదు, ఎలా చెబుతుందో చూద్దామని చేరాను. తలుపు లేని క్లాసులో పిల్లలను కూచోబెట్టే కిటుకు ఏదో దొరుకుతుందని నా ఆశ.

ఆవిడ పేరు లారీ శాంటోస్. ("లారీ ఏమిట్రా, ఆడపిల్లకు!" అంది మా అమ్మ.) అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరు. 2016లో అక్కడి విద్యార్థులు నివసించే సిల్లిమన్ కాలేజీకి ఆవిడను పెద్దగా వేశారు. ఆ ఉద్యోగంలో పిల్లల మధ్యనే కాపురం, వాళ్ళతోనే భోజనం. అలా దగ్గరనుంచి చూసేసరికి, ప్రపంచమంతా గొప్పగా చెప్పుకునే చోట సీటు సంపాదించిన పిల్లలు సరిగా నిద్రపోకుండా, దిగులుతో, ఈ పరీక్షలు ఎప్పుడు గడుస్తాయా అని రోజులు లెక్కపెట్టుకుంటూ కనిపించారట. పోటీలో నెగ్గినవాళ్ళ బతుకే ఇలా ఉంటే నెగ్గడమెందుకు అనిపించి ఉంటుంది. మనస్తత్వశాస్త్రంలో సుఖం గురించి జరిగిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి, 2018 జనవరిలో కొత్తగా ఒక కోర్సు మొదలుపెట్టారు. దాదాపు 1200 మంది చేరారు. అంటే అక్కడ డిగ్రీ చదివే ప్రతి నలుగురిలో ఒకరన్నమాట. మూడువందల ఏళ్ళు దాటిన ఆ విశ్వవిద్యాలయంలో అంత పెద్ద క్లాసు అంతకుముందు లేదు. ఏ గదీ పట్టక, సంగీత కచేరీలు జరిగే హాలులో పాఠం పెట్టుకున్నారు. ఆ ఏడాదే దాన్ని ఇంటర్నెట్టులో అందరికీ అందేటట్టు చేశారు. 2020లో అందరం ఇళ్ళలో చిక్కుకున్న రోజుల్లో జనం దానిమీద పడ్డారు. చేరినవాళ్ళు తరవాత 30 లక్షలు దాటారు. అందులో నేనొకణ్ణి.

మొదటి పాఠం తెరవగానే ఆశ్చర్యపోయాను. నల్లబల్ల లేదు, వేదిక లేదు. ఆవిడ తన ఇంటి ముందుగదిలో, చుట్టూ నలుగురు పిల్లలను కూచోబెట్టుకుని, పేరంటానికి వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ఆ పిల్లలు నవ్వుతారు, తల ఊపుతారు. వాళ్ళ మొహాలు చూస్తూ చెబుతుంటే, ఎక్కడో పదివేల మైళ్ళ దూరాన కూచున్న నాతో చెబుతున్నట్టే ఉంది. నేను నల్లగళ్ళతో మాట్లాడుతున్నాను, ఆవిడ మనుషులతో మాట్లాడుతోంది. తేడా అక్కడే ఉందని తెలిసింది. మర్నాటినుంచి మా అమ్మాయిని ఎదురుగా కూచోబెట్టుకుని పాఠం చెప్పడం మొదలుపెట్టాను. అది అప్పుడే ఎనిమిదో తరగతి గట్టెక్కింది. పరీక్షలు లేకుండానే గట్టెక్కిందని మహా సంతోషంగా ఉంది. "గజేంద్రుడికి ఇంకెంత సేపు పడుతుంది నాన్నా?" అని అడుగుతూనే వినేది. నా పాఠం కాస్త ప్రాణం పోసుకున్న మాట నిజం.

దానికి బదులుగా, రాత్రి భోజనాల దగ్గర ఆవిడ చెప్పిన సంగతులు నేను ఇంట్లోవాళ్ళకు చెప్పేవాణ్ణి. అందరికీ నచ్చినవి కోతుల కథలు. కోతులేమిటంటారా? శాంటోస్ గారు అసలు పరిశోధన చేసింది సుఖం మీద కాదు, జంతువుల బుద్ధిమీద. మనిషి ఆలోచనలో ఏది పుట్టుకతో వచ్చింది, ఏది చదువూ సమాజమూ నేర్పింది అని తేల్చాలంటే, చదువూ సమాజమూ లేని మన దగ్గరి చుట్టాలను చూడాలి గదా! 2013లో ఆవిడ యేల్‌లో కుక్కల తెలివిని పరీక్షించే కేంద్రం కూడా పెట్టారు.

పోర్టోరికో దగ్గర కాయో శాంటియాగో అని చిన్న దీవి ఉంది. అక్కడివి కోతులే గాని పరాయివి కావు, మన కోతులే. 1938లో పరిశోధన కోసం మన దేశంనుంచి సుమారు 400 కోతులను ఓడలో తీసుకుపోయి ఆ దీవిలో వదిలారు. ఇప్పుడున్నవి వాటి సంతానం. శాంటోస్ గారు, సహచరుడొకాయన కలిసి 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఇద్దరు మనుషులు చెరొక ద్రాక్షపండు దగ్గర పెట్టుకుని కోతి ఎదట నిలబడతారు. ఒకరు కోతివైపు చూస్తుంటారు, రెండోవారికి పండు కనపడదు, మొహం పక్కకు తిరిగి ఉంటుంది. కోతి వెళ్ళి చూడనివారి పండే ఎత్తుకుపోతుంది. ఎవరికి కనపడుతోంది, ఎవరికి కనపడటంలేదు అన్నది దానికి తెలుసన్నమాట.

"దీనికి దీవిదాకా పోవాలా? మన వంటింటి కిటికీ దగ్గర నిలబడితే తెలియదూ?" అంది మా ఆవిడ. నెల కిందటే అరటిపళ్ళ గెల పోగొట్టుకున్న మనిషి.

మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే నాన్నా, మీ స్టూడెంట్లూ అంతేగా. నువ్వు చూడలేవని వాళ్ళకు తెలుసు" అంది.

రెండో కథ ఇంకా బాగుంటుంది. ఈసారివి దక్షిణ అమెరికాకు చెందిన చిన్న కోతులు, ప్రయోగశాలలో ఉన్నవి. వాటికి బిళ్ళలిచ్చి, ఆ బిళ్ళలు ఇస్తే ఆపిల్ ముక్కలు వస్తాయని నేర్పారు. మన సంతలో బేరం లాంటిదే. ఇద్దరు అమ్మకందార్లు. మొదటివాడు ఒక ముక్క చూపిస్తాడు. ఒక్కోసారి ఆ ఒక్కటే ఇస్తాడు, ఒక్కోసారి ఇంకోటి కలిపి రెండిస్తాడు. రెండోవాడు రెండు ముక్కలు చూపిస్తాడు. ఒక్కోసారి రెండూ ఇస్తాడు, ఒక్కోసారి ఒకటి వెనక్కి తీసుకుని ఒకటే ఇస్తాడు. లెక్క చూస్తే ఇద్దరి దగ్గరా దక్కేది ఒకటే. కాని కోతులు మొదటివాడి దగ్గరికే పోయాయి. రెండోవాడు ఇచ్చింది వాటికి ఆనలేదు, తీసుకున్నదే కనిపించింది. 2006లో అచ్చయిన పరిశోధన ఇది. వచ్చినదానికి కలిగే సంతోషంకన్నా పోయిందనుకున్నదానికి కలిగే బాధ ఎక్కువ అన్న గుణం మనిషి కొత్తగా నేర్చుకున్నది కాదనీ, చాలా పాతకాలంనుంచి రక్తంలో ఉన్నదనీ దీనివల్ల ఊహిస్తున్నారు.

కోర్సులో చెప్పిన మరో సంగతి ఒలింపిక్సు పతకాలది. 1992 బార్సిలోనా పోటీలలో పతకాలు అందుకున్నవాళ్ళ మొహాలను కార్నెల్ విశ్వవిద్యాలయంవాళ్ళు పరిశీలించి 1995లో ప్రకటించారు. రెండో స్థానంలో వెండి గెలిచినవాళ్ళకన్నా మూడో స్థానంలో కంచు గెలిచినవాళ్ళే సంతోషంగా ఉన్నారట. వెండివాడు పైకి చూసి బంగారం పోయిందని ఏడుస్తాడు, కంచువాడు కిందికి చూసి అసలు పతకమే రాకపోవలసిందని పొంగిపోతాడు. ఈ కథ మా అమ్మాయికి ఎంత నచ్చిందంటే, దోసెలు తక్కువపడి మూడో దోసె తనకు సగమే వచ్చినప్పుడు "నాది కంచు పతకం" అనేది.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఆవిడ బోధన పద్ధతిలో ఉంది. శాంటోస్ గారు మొదట్లోనే ఒక హెచ్చరిక చేస్తారు. అమెరికాలో జి.ఐ. జో అని పిల్లల బొమ్మల సీరియలు ఒకటి వచ్చేదిట. ప్రతి కథ చివరా, తెలుసుకుంటే సగం యుద్ధం గెలిచినట్టే అని నీతి చెప్పేవారు. అది శుద్ధ తప్పు అంటారీవిడ. ఆ భ్రమకు ఆ బొమ్మ పేరే పెట్టారు, ఆవిడా, టామర్ గెండ్లర్ అనే తత్త్వశాస్త్ర ప్రొఫెసరూ కలిసి. తెలుసుకోవడం సగం కాదు, పిసరంత. మనస్తత్వశాస్త్రంలో పేరుమోసిన బొమ్మ ఒకటుంది. 1889లో ముల్లర్ లయర్ అనే జర్మను పండితుడు గీసింది. సమానమైన రెండు గీతలు, ఒకదాని కొసలకు రెక్కలు లోపలికి, రెండోదానికి బయటికి. రెండోది పొడుగ్గా కనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలిచి, రెండూ సమానమని తెలుసుకుని మళ్ళీ చూడండి, అయినా అది పొడుగ్గానే కనిపిస్తుంది. కన్నుకు బుద్ధి చెప్పినంత మాత్రాన కన్ను వినదు. మనసూ అంతే.

అంచేత ఆవిడ కోర్సులో వినడం ఒక ఎత్తు, చెయ్యడం ఒక ఎత్తు. వారానికొక పని ఇస్తారు. రోజూ పడుకునేముందు మేలనిపించిన సంగతులు కాగితంమీద రాయాలి. కొత్తవాళ్ళతో మాట కలపాలి. వేళకు నిద్రపోవాలి. మేలు చేసినవారికి కృతజ్ఞతగా ఉత్తరం రాసి, వెళ్ళి చదివి వినిపించాలి. ఆఖరున వీటిలో ఒకటి ఎంచుకుని నాలుగు వారాలపాటు వదలకుండా చెయ్యాలి. కోర్సు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి మన సుఖమెంతో ప్రశ్నలతో కొలుస్తారు. 2021లో ఆవిడా సహచరులూ ప్రచురించిన పరిశోధనలో, మామూలు మనస్తత్వశాస్త్రం కోర్సు చదివినవాళ్ళకంటే ఇది చదివినవాళ్ళు ఎక్కువ మెరుగుపడినట్టు తేలింది.

ఇక్కడ నా బండారం బయటపెట్టక తప్పదు. పాఠాలన్నీ విన్నాను. ప్రశ్నలన్నిటికీ సరిగ్గా జవాబులు రాశాను. కాని ఆ పనులు ఒక్కటీ చెయ్యలేదు. చేసినట్టు ఒప్పుకుంటూ గుర్తు పెడితే సరిపోతుంది, అవతల చూసేవారు లేరు. పెట్టేశాను. నా మార్కులు నూటికి తొంభైఎనిమిది. డబ్బు కట్టి సర్టిఫికెట్టు తెప్పించుకుని, రంగుల్లో అచ్చు తీయించి, స్టాఫు రూములో నలుగురికీ చూపించాను. పక్కకు తిరిగినవారి దగ్గర ద్రాక్షపండు ఎత్తుకుపోయిన కోతికీ నాకూ తేడా లేదని అప్పుడు తట్టలేదు.

మూడేళ్ళు గడిచాయి. మా అమ్మాయి ఇంటర్మీడియట్‌లో చేరింది. తెలుగు లెక్చరరుగారి కూతురు రెండో భాషగా సంస్కృతం తీసుకుంది. మార్కులు బాగా వస్తాయని కాలేజీవాళ్ళు చెబితే, నేనే సంతకం పెట్టాను. పొద్దున్న ఆరింటికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి వచ్చేది. దోసెల దగ్గర కంచు పతకాల కబుర్లు ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

2023 ఏప్రిల్ నెలాఖరున మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయి. ఇంటిల్లిపాదీ ఒక ఫోను చుట్టూ మూగాం. 470కి 451. మా ఆవిడ దేవుడి గదిలోకి పరుగెత్తింది. మా అమ్మ, "మా తల్లే" అని మెటికలు విరిచింది. పిల్ల నావైపు చూసింది. నేనేమన్నాననుకున్నారు?

"ఆ పందొమ్మిదీ ఎక్కడ పోయాయమ్మా?" అన్నాను.

కోపంతో అనలేదు. లాలనగానే అన్నాను. కాని దాని మొహం వాడిపోవడం నా కళ్ళతో చూశాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా అంది: "పోవడానికి అవి నా దగ్గర ఎప్పుడున్నాయి నాన్నా?"

ఎవరూ కదల్లేదు. అదే మళ్ళీ అంది: "సున్నాలోంచి 451 తెచ్చుకున్నాను. నువ్వు 470 చేతిలో పట్టుకుని కూచుని, పందొమ్మిది వెనక్కి తీసుకున్నావు. ఆ కోతుల పాఠం నువ్వే గదా చెప్పావు?"

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. బీరువాలో సర్టిఫికెట్టు ఉంది, నూటికి తొంభైఎనిమిది. పాఠమంతా నాకు వచ్చు. ఏ ఏడాది ఎవరు ఏ పరిశోధన చేశారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ పాఠం ఏ క్షణానికి పనికిరావాలో ఆ క్షణాన మాత్రం నా నోటినుంచి వెనకటి మనిషే మాట్లాడాడు. ఒకటి చెప్పాలి. ఈ విద్య లక్షలమందికి నేర్పిన శాంటోస్ గారే, పని ఒత్తిడికి తాను అలసిపోతున్న గుర్తులు కనిపెట్టి 2022లో ఏడాదిపాటు సెలవు తీసుకున్నారు. నేర్పే ఆవిడకే తెలిసినంత మాత్రాన చాలలేదు. అయితే ఆవిడ తెలిసినదాన్ని ఆచరించి సెలవు పెట్టారు, నేను గుర్తు పెట్టి ఊరుకున్నాను.

తెల్లవారి అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "నిన్న అలా అనకుండా ఉండవలసింది అమ్మలూ" అన్నాను. అది నవ్వింది గాని పూర్తిగా నవ్వలేదు. "సారీలు వద్దులే నాన్నా. అప్పుడు ఎగ్గొట్టిన హోంవర్కు చెయ్యి" అంది. నేను ఎగ్గొట్టిన సంగతి దానికి మొదటినుంచీ తెలుసన్నమాట!

సరే, కృతజ్ఞత ఉత్తరంతో మొదలుపెట్టాను. ఎవరికా అని ఆలోచిస్తే, హైస్కూల్లో మాకు తెలుగు చెప్పిన మాస్టారు గుర్తొచ్చారు. తొమ్మిదో తరగతిలో లెక్కల్లో నాకు ముప్ఫై ఎనిమిది వచ్చి, ఇంటికి వెళ్ళే ధైర్యం లేక బడి వెనకాల కూచుంటే, ఆయన వచ్చి పక్కన చతికిలబడి, "ఒరే, ఆ పద్యానికి నువ్వు రాసిన తాత్పర్యం నేను మా ఇంట్లో చదివి వినిపించానురా" అన్నారు. ముప్ఫై ఎనిమిది మాట ఎత్తలేదు. నేను తెలుగు ఎమ్మే చదవడానికి ఆ ఒక్క మాట కారణం. ఆ మాట నేను ఆయనకు ఏనాడూ చెప్పలేదు. అటువంటి మాట మా అమ్మాయికీ చెప్పలేదు.

మూడు పేజీలు రాసుకుని, బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆయనకు ఎనభై దాటాయి, చెవి మందగించింది. దగ్గరగా కూచుని గట్టిగా చదివాను. మధ్యలో నా గొంతే పట్టుకుపోయింది. చదవడం అయ్యాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వేలితో చూపించి, "విద్యార్థిలో చుక్క మరిచిపోయావురా" అన్నారు. నేను వస్తుంటే ఆ కాగితం మడిచి తలగడ కింద పెట్టుకున్నారు.

మార్టిన్ సెలిగ్మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడూ, సహచరులూ 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా ఉత్తరం రాసి స్వయంగా అందించినవాళ్ళలో ఆ సంతోషం నెలనాళ్ళు నిలిచిందని ఉంది. 2020లోనే ఈ సంగతి నోట్సులో రాసుకున్నాను, కింద రెండు గీతలు కూడా గీశాను. అనుభవంలోకి రావడానికి మూడేళ్ళూ, ఒక పిల్ల కన్నీళ్ళూ కావలసివచ్చాయి.

ఇప్పుడు నా క్లాసులో కూడా కొంచెం పద్ధతి మార్చాను. పద్యం చెప్పి, అర్థం రాయించి వదిలెయ్యను. ఆ పద్యం ఇంట్లో ఒకరికి వినిపించి, వాళ్ళేమన్నారో మర్నాడు వచ్చి చెప్పమంటాను. కొందరు చేస్తారు, కొందరు చేశామని చెబుతారు. చేశామని ఊరికే చెప్పేవాళ్ళను నేను ఇట్టే పోల్చగలను, స్వానుభవం గదా! వాళ్ళను తిట్టను. మూడేళ్ళకైనా చేస్తారేమో ఎవరు చెప్పగలరు?

2024లో రెండో సంవత్సరం ఫలితాలు వచ్చాయి. ఈసారి అంకెలు రాయను. ఫోనులో చూడగానే నాకు గొంతులో ఆ పాత ప్రశ్న కదిలింది. మాయమవలేదు సుమండీ, అలాగే ఉంది, ఆ పొడుగు గీతలాగా. దాన్ని మింగి, "ఈ రెండేళ్ళలో నీకు బాగా నచ్చిన పాఠం ఏదమ్మా?" అన్నాను.

మా అమ్మాయి నావైపు చూసి ఫక్కున నవ్వింది. "గుటక వినపడింది నాన్నా. అడుగు, ఫరవాలేదు" అంది.

అడగలేదు. ముందు దోసెలు వెయ్యమని మా ఆవిడతో చెప్పాను.